పడని మందులు: లేవు

మార్చి 3, సోమవారం

ఇవాళ రికార్డుల గది కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. జనవరిలో మా ఆసుపత్రిలో చనిపోయిన చెల్లెలి ఫైలు కాపీ కావాలట. నలభై దాటి ఉంటాయి. బట్టలు కుడుతుందట. అర్జీ కాగితం అంచు చిరిగి ఉంటే బాగుండదని కత్తెరతో సాపుగా కత్తిరించి మరీ తెచ్చింది. అలాంటి మనుషులంటే నాకు గౌరవం.

"రూలు ప్రకారం మూడు రోజులు పడుతుందమ్మా," అన్నాను.

"అయితే మూడు రోజులూ ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చోనక్కర్లేదు. బుధవారం సాయంత్రం రండి చాలు."

"కూర్చుంటే మీ బల్ల అరిగిపోతుందా?" అని వెళ్లి కూర్చుంది. గంట తర్వాత తనంతట తనే లేచి వెళ్లిపోయింది.

ఇక ఈ డైరీ సంగతి. మందుల కంపెనీ వాళ్లు ఇచ్చింది, బీరువాలో ఊరికే పడి ఉంది. నెలన్నరగా నేను నిద్రలో ఏదో గొణుగుతున్నానని మా ఆవిడ గోల. "ఆ గొణుగుడేదో కాగితం మీద గొణగండి, నా నిద్రైనా నాకు మిగులుతుంది" అంది. సరే, గొణుగుతున్నాను.

పదిహేడేళ్లుగా ఈ గది నాది. ఎవరు ఫైలు తెచ్చినా ముందు "పూర్తయిందా?" అని అడుగుతాను కాబట్టి ఆసుపత్రిలో అందరూ నన్ను పూర్తిగారు అంటారు. వెక్కిరింతే, నాకు తెలుసు. కానీ పోయిన ఏడాది తనిఖీకి వచ్చినవాళ్లు, ఒక్క ఖాళీ గడి కూడా లేని ఫైళ్లు ఇక్కడే చూశామని రాసి షీల్డు ఇచ్చినప్పుడు ఆ వెక్కిరించినవాళ్లే చప్పట్లు కొట్టారు. షీల్డు సూపరింటెండెంటు గారి గదిలో ఉంది. నా గదిలో చోటెక్కడిది!

మార్చి 4, మంగళవారం

ఆవిడ చెల్లెలి ఫైలు తీశాను. నలభై ఆరు పేజీలు. వయసు ముప్ఫై నాలుగు. పిత్తాశయంలో రాళ్లు. చిన్న ఆపరేషను, రోజుకు రెండు మూడు చేస్తారు. మత్తు ఇచ్చాక, కోత పెట్టకముందు, చీము పట్టకుండా ఒక ఇంజెక్షను ఇస్తారు. అది ఇచ్చిన నాలుగో నిమిషంలో బీపీ పడిపోయింది, గొంతు వాచిపోయింది. మూడు గంటలు పెనుగులాడారు. జనవరి 16, గురువారం సాయంత్రం ఆరుంబావుకు పోయింది. కోత పెట్టనే లేదు.

ఆ మందు ఆమెకు పడదు. అంతే. అలాంటివి జరుగుతాయి.

ఫైలు పూర్తిగా ఉంది. కాపీ తీయించాను.

మార్చి 5, బుధవారం

కాపీ ఇచ్చాను. తీసుకుని వెళ్లిపోతుందనుకుంటే బల్ల మీద కూర్చుని ఒక్కో పేజీ వేలు పెట్టి చదివింది. అర్థం కానివి కూడా చదివింది. పదకొండో పేజీ దగ్గర వేలు ఆగింది. లేచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇదేంటి సార్?"

పదకొండో పేజీ అంటే థియేటర్ జాబితా. మత్తు ఇచ్చేముందు సిస్టర్ ఒక్కొక్కటీ అడిగి టిక్కు పెట్టాల్సిన కాగితం. పేరు సరిచూశామా, ఏ ఆపరేషనో సరిచూశామా, అలా పద్దెనిమిది గడులు. ఏడో వరుసలో, పడని మందులు. అడిగాం అన్న గడిలో టిక్కు. లేవు అన్న గడిలో టిక్కు.

"ఎవర్ని అడిగారు?" అంది.

"మీ చెల్లెల్నో, పక్కనున్న మిమ్మల్నో అడిగుంటారమ్మా."

"దాన్ని స్ట్రెచర్ ఎక్కించేదాకా దాని చెయ్యి నా చేతిలోనే ఉంది. మమ్మల్నెవరూ అడగలేదు. చిన్నప్పుడు దానికి ఆ జాతి సూదే వేస్తే మొహం గుమ్మడికాయంత అయింది. మా అమ్మ ఆశ వదిలేసుకుంది. చావు తప్పి బతికింది. అలాంటిది అడిగితే నేను లేవని ఎందుకంటాను? నాకేమైనా పిచ్చా?"

"ఆ విషయం నాకేం తెలుసమ్మా. నేను రాసేవాణ్ణి కాదు, దాచేవాణ్ణి."

చాలా బాగా చెప్పాననిపించింది. ఆవిడ కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 6, గురువారం

టిక్కులు పెట్టేది నేనే. అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

మార్చి 8, శనివారం

మొన్న రాసింది చదివితే ఏదో నేరం చేసినట్టుంది. గోరంత దాన్ని కొండంత చేయడం నాకు ఇష్టముండదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

మా దగ్గర శనివారం సంతకాలు అని ఒక పద్ధతి ఉంది. ఆ వారం ఆపరేషన్ల ఫైళ్లన్నీ పొద్దున్నే నా గదిలో బల్ల మీద పరుస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలో అక్కడ పసుపు చీటీ అంటిస్తాను. డాక్టర్లు, థియేటర్ సిస్టర్లు వచ్చి టీ తాగుతూ సంతకాలు పెట్టిపోతారు. అరగంటలో అయిపోతుంది. థియేటర్లో ఉన్నప్పుడు రాయడానికి ఎవరికి తీరిక? చేతులకు గ్లౌజులు, పక్కన ఇంకో పేషెంటు. జాబితాలు సగం ఖాళీగానే వస్తాయి.

మొదట్లో ఖాళీ గడుల్లో టిక్కులు కూడా వాళ్లే పెట్టేవాళ్లు. ఫైలుకు పద్దెనిమిది గడులు, వారానికి పాతిక ఫైళ్లు. "పూర్తిగారూ, మమ్మల్ని కోతలు కొయ్యనిస్తారా, టిక్కులు పెట్టుకుంటూ కూర్చోమంటారా?" అని పెద్ద సర్జను విసుక్కున్నాడు. నాలుగేళ్ల క్రితం మాట. అప్పటినుంచి శుక్రవారం సాయంత్రం టిక్కులు నేనే పెట్టి ఉంచుతున్నాను. నూటికి తొంభై తొమ్మిది మందికి జవాబు ఒకటే. పేరు సరిచూశాం. పడని మందులు అడిగాం, లేవు. మర్నాడు వాళ్లు సంతకం పెడతారు. సంతకం పెట్టినవాళ్లదే బాధ్యత.

జనవరి 17, శుక్రవారం, పదిహేను ఫైళ్లకు పెట్టాను. అందులో ఆమెదొకటి. ఎవరి ఫైలో చూడలేదు. పదిహేనిట్లో ఒకటి.

ఇంకో సంగతి. నేను టిక్కు పెట్టేసరికి ఆమె చనిపోయి ఒక రోజు గడిచింది. నా టిక్కు ఎవర్నీ చంపలేదు. ఇది ఎవరైనా ఒప్పుకోవాల్సిన మాట.

మార్చి 14, శుక్రవారం

ఆవిడ ఫిర్యాదు చేసింది. విచారణ కమిటీ నుంచి నోటీసు వచ్చింది. ఆసుపత్రి తరఫు లాయరు నా గదికే వచ్చి ఫైలు చూశాడు. మెత్తటి మనిషి. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీకి కూడా నమస్కారం పెడతాడేమో అన్నంత మర్యాద. పదకొండో పేజీ చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఈ ఒక్క కాగితం చాలు. మన వాళ్లు అడిగారు. తోడొచ్చినవాళ్లు లేవన్నారు. తెలిసీ చెప్పనివాళ్లది తప్పు, అడిగినవాళ్లది కాదు. ఈ పేజీ ఎవరు నింపారు?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు. "థియేటర్ సిస్టర్. కింద సంతకం ఉందిగా."

"అంటే, సంతకం ఆమెదే, కానీ…"

"చూడండి, నేను అడగనిదానికి జవాబు చెప్పకండి. అడిగినా ఆచితూచి చెప్పండి. రికార్డు ఎంత శుభ్రంగా ఉందండీ! ఇలాంటి గుమాస్తా ప్రతి ఆసుపత్రికీ ఒకడుంటే మాకు పనే ఉండదు."

పదిహేడేళ్లలో ఒక లాయరు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. సంతోషం కలగలేదు.

మార్చి 15, శనివారం

నిన్న సాయంత్రం టిక్కులు పెట్టలేదు. చెయ్యి నొప్పి. పొద్దున డాక్టర్లు వచ్చి ఖాళీ గడులు చూసి నన్ను చూశారు. "ఏంటి పూర్తిగారూ, ఇవాళ అసంపూర్తిగా ఉన్నారు?" అన్నాడు పెద్ద సర్జను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరి టిక్కులు వాళ్లు పెట్టుకున్నారు. ఒక్కరు కూడా ఏ గడి దగ్గరా ఆగి గుర్తు తెచ్చుకోలేదు. నాకన్నా వేగంగా పెట్టారు.

మార్చి 20, గురువారం

థియేటర్ సిస్టర్ వచ్చింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నామె. తలుపు దగ్గరగా వేసి నిలబడింది.

"అన్నా, పదకొండో పేజీలో టిక్కులు నేను పెట్టలేదు."

"సంతకం పెట్టావుగా."

"పెట్టాను. మీరు పసుపు చీటీ అంటించిన చోటల్లా పెడతాను. మీరు నా చావు కాగితం కింద అంటించినా పెడతాను. ఆ శనివారం అసలు నా తల నా దగ్గర లేదు. రెండు రోజుల ముందే ఒక మనిషి నా కళ్లముందు పోయింది."

"ఆ రోజు అడిగావా?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

తలుపు వైపు ఒకసారి చూసింది. "రెండు థియేటర్లకు నేనొక్కదాన్నే. అవతల ఒకాయనకు రక్తం ఆగడం లేదు, పిలిచారు. నేను వచ్చేసరికి మత్తిచ్చేశారు. మత్తు డాక్టరు నేను అడిగాననుకున్నాడు. నేను ఆయన అడిగాడనుకున్నాను." ఏడవలేదు. ఏడుపు దాటిపోయినట్టుంది. "లాయరు ఏమన్నాడో తెలుసా? ఆ టిక్కే నీ ఉద్యోగం, నీ లైసెన్సు, దాన్ని జాగ్రత్తగా పట్టుకో అన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు నాకు. పెట్టలేదని చెప్పే ధైర్యం నాకు లేదు. మీరు పెట్టారని చెప్పే ధైర్యమూ లేదు. అసలిక్కడికి ఎందుకొచ్చానో కూడా తెలీదు."

"టీ తాగుతావా?" అన్నాను.

"ఆ టీ వల్లే కదన్నా ఇదంతా," అని వెళ్లిపోయింది.

కాబట్టి నేను నోరు మూసుకుని ఉండటం ఆ పిల్ల కోసం కూడా. ఇది నేను ఆలోచించని కోణం. నా ఒక్కడి సంగతే అయితే వేరు.

మార్చి 27, గురువారం

చనిపోయినామె అక్క మళ్లీ వచ్చింది. అసలు ఫైలు చూడాలంది. రూలు ప్రకారం నా ఎదుట చూడొచ్చు. చూపించాను.

ఈసారి నలభై ఆరు పేజీలు చదవలేదు. సరాసరి పదకొండో పేజీ తీసి దాన్నే చూస్తూ కూర్చుంది. ముందుసారి వచ్చినప్పుడున్న ఆ నోరు లేదు. చిక్కిపోయింది.

"కాపీలో తప్పు పడిందేమోనని ఆశ సార్. అసలులో కూడా ఇలాగే ఉంది."

పక్కనున్న ఫైళ్ల అంచులు సరిచేశాను.

"మా మరిది, దాని మొగుడే, ఈ కాగితం చుట్టాలందరికీ పంపాడు. చూడండి, ఆసుపత్రి వాళ్లు అడిగితే లేవంది, నోటితోనే చెల్లెల్ని చంపుకుంది అని. పిల్లని నా దగ్గరికి పంపడం మానేశాడు. ఆరేళ్ల పిల్ల సార్. ఆదివారం వస్తే నా కుట్టుమిషను కింద కూర్చుని గుడ్డముక్కలతో బొమ్మలు చేసుకునేది. తల్లి పోయింది, ఇప్పుడు పెద్దమ్మ కూడా లేదు దానికి."

"ఫిర్యాదు చేశారుగా, విచారణలో తేలుతుంది," అన్నాను.

"ఏం తేలుతుంది?" అని ఏడో వరుస మీద వేలు పెట్టింది. తర్వాత అంది చూడు, ఆ మాట.

"నన్ను నిజంగా అడిగారేమో సార్. ఆ రోజు కంగారు. ఇక్కడ సంతకం, అక్కడ సంతకం. షుగరుందా, లేదు. బీపీ ఉందా, లేదు. అలా లేదు లేదు అంటూ పోయాను. ఆ ఊపులో ఇది కూడా అడిగుంటారు. నేనే లేవని ఉంటాను. గుర్తు తెచ్చుకుంటుంటే ఎవరో అడిగినట్టే అనిపిస్తోంది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి. లేవండీ అని నా గొంతు కూడా వినిపిస్తోంది. మీరు ఇన్ని ఫైళ్లు చూశారు కదా. జరగనిది ఇంత శుభ్రంగా రాస్తారా ఎవరైనా?"

నాకు భయం వేసింది. అంతకన్నా వేరే మాట లేదు. నా టిక్కుకు ఒక తెల్లకోటు, ఒక గొంతు మొలిచాయి. ఆవిడ బుర్రలో అది కూర్చుంది. నేను పెట్టింది కాగితం మీదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఆలోచించకండమ్మా, ఇంటికెళ్లండి," అన్నాను. అదీ నా సలహా.

మార్చి 28, శుక్రవారం

ఎర్ర చీటీ చూశాను.

మార్చి 30, ఆదివారం

చనిపోయినవాళ్ల ఫైలు పైన ఎర్ర చీటీ గుచ్చుతాం. కళ్లు లేనివాడికి కూడా తగలాలని అంత పెద్దది గుచ్చుతాం. ఆ పద్ధతి పెట్టిందే నేను. కాబట్టి జనవరి 17న ఎవరి ఫైలో చూడలేదని ఇదే డైరీలో రాసింది అబద్ధం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నా రాత.

చూశాను. చీటీ చూశాను, పేరు చూశాను, ఎలా పోయిందో ఆఖరి పేజీలో చదివాను కూడా. మందు పడక పోయిందని తెలుసు. అప్పుడు పదకొండో పేజీ తీస్తే ఏడో వరుస ఖాళీగా ఉంది. మిగతా గడులు కొన్ని నిండి ఉన్నాయి, అది మాత్రం ఖాళీ. సోమవారం మరణాల సమీక్ష. ఫైలు ఖాళీ గడితో నా గదిలోంచి వెళ్తే, పూర్తిగారి గదిలోంచి కూడా ఇలాంటివి వస్తున్నాయా అంటారు. అంతే, నా ఆలోచన అంతవరకే వెళ్లింది. ఒట్టు. ఎవర్నో కాపాడాలని కాదు, ఎవర్నో ఇరికించాలని కాదు. ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఆగదు.

అడిగాం. లేవు. రెండు టిక్కులు, రెండు సెకన్లు.

ఏప్రిల్ 2, బుధవారం

మా ఆవిడకు చెప్పాను. అన్నం వడ్డిస్తూ విని, గరిటె పక్కన పెట్టింది.

"లేవు లేవు అని గొణిగేది ఇదా! నేను మనింట్లో ఏం లేవో అని రోజూ డబ్బాలన్నీ వెతుకుతున్నాను."

"నవ్వులాటగా ఉందా?"

"లేదండీ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాన్న ఊరికే అనేవాడు కాదు. సరే తొక్కారు. కడుక్కోవడమైనా ఉందా, ఆ కాళ్లతోనే ఇల్లంతా తిరుగుతారా?"

"ఉద్యోగం పోతుంది. కేసు పెట్టినా పెడతారు. రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లుంది. పైగా ఆ సిస్టరు పిల్లలు…"

"సిస్టరు పిల్లల్ని అడ్డం పెట్టుకోకండి. మీకు వాళ్ల పేర్లు కూడా తెలీవు."

"ఆవిడ మనకేమవుతుందని?"

"ఏమీ కాదు. కాదు కాబట్టే రెండు నెలలుగా మీకు నిద్ర లేదు. సొంత మనిషైతే కాళ్లు పట్టుకుని సర్దుకునేవారు," అని మళ్లీ గరిటె తీసుకుంది. "ఇంకొంచెం వేయనా?"

ఏప్రిల్ 9, బుధవారం

లాయరు ధ్రువీకరణ పత్రం పంపాడు. "ఈ ఫైలులోని వివరాలన్నీ చికిత్స జరిగిన సమయంలోనే నమోదయినవనీ, ఆ తరువాత ఎవరూ ఏ మార్పూ చేయలేదనీ రికార్డుల అధికారిగా ధ్రువీకరిస్తున్నాను." కింద పసుపు చీటీ. ఆయన కూడా నా పద్ధతి నేర్చుకున్నాడు.

సంతకం పెట్టాను.

అక్షరాలా చూస్తే తప్పేం లేదు. ఏ మార్పూ చేయలేదు. ఉన్నదాన్ని కొట్టేయలేదు, దిద్దలేదు. ఖాళీని పూర్తి చేశాను. పూర్తి చేయడం మార్పు కాదు.

ఏప్రిల్ 10, గురువారం

మార్పు కాదు.

ఏప్రిల్ 16, బుధవారం

విచారణ అయింది. చెప్పేశాను. అక్షరాలు కుదరడం లేదు. రేపు రాస్తాను.

ఏప్రిల్ 17, గురువారం

రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది. పొడుగాటి బల్ల. అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ ఒకప్పుడు జడ్జి. ఇవతల ఒకవైపు లాయరు, సూపరింటెండెంటు గారు, సిస్టరు, నేను. ఇంకోవైపు ఆ అక్క ఒక్కతే. ఆవిడకు లాయరు లేడు. గోడవారగా కుర్చీలో వాళ్ల మరిది, ఆవిడ వైపు చూడకుండా కూర్చున్నాడు.

నన్ను మొదట పిలిచారు. "ఈ ధ్రువీకరణ మీదేనా?" అని జడ్జి గారు అడిగారు. నాదే అన్నాను. కూర్చోమన్నారు. లాయరు చెప్పినట్టు ఆచితూచి ఒక్క మాటే చెప్పాను. కూర్చున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను.

తర్వాత ఆ అక్కను చెప్పమన్నారు. లేచి నిలబడింది. చేతిలో కాగితాలున్నాయి, వాటిని చూడలేదు.

"అమ్మా, నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను," అంది.

"ఎవరైనా ఒత్తిడి పెట్టారా?" అన్నారు జడ్జి గారు.

"లేదమ్మా. కాగితం మీద అడిగాం అనుంది. ఇంత పెద్ద ఆసుపత్రి, ఇంతమంది సంతకాలు. అందరూ అబద్ధమాడి నేనొక్కదాన్నే నిజం చెప్తానా? అడిగే ఉంటారు. నేను లేవనే ఉంటాను. నా చెల్లి నా నోటి వల్లే పోయింది." మరిది వైపు తిరిగింది. "నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. పిల్లని ఒక్కసారి చూడనివ్వు."

లాయరు నెమ్మదిగా ఫైలు మూస్తున్నాడు. మర్యాదగా, చప్పుడు కాకుండా. నేను ఆ ఫైలునే చూస్తున్నాను. పదిహేడేళ్లలో నా గదిలోంచి పోయిన ఫైళ్లలో అంత పూర్తి ఫైలు లేదు.

లేచాను. లేస్తానని నాకే తెలియదు.

"ఆ టిక్కులు నావి," అన్నాను.

"ఏ టిక్కులు?"

"పదకొండో పేజీ, ఏడో వరుస. మిగతావాటిలో కూడా సగం నావే. సిస్టరు పెట్టలేదు. ఆపరేషన్ రోజు పెట్టలేదు. ఆమె చనిపోయిన మర్నాడు నా గదిలో కూర్చుని పెట్టాను. చనిపోయిందని తెలిసే పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. ఇందాక నాదే అన్న ధ్రువీకరణ అబద్ధం."

లాయరు లేచాడు. "ఈయనకు ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదండీ…" సూపరింటెండెంటు గారు నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగారు. యాభై రెండేళ్ల మనిషిని, స్కూలు పిల్లాణ్ణి లాగినట్టు. నేను కూర్చోలేదు. శనివారం సంతకాల గురించి, శుక్రవారం టిక్కుల గురించి అన్నీ చెప్పాను. నాలుగేళ్ల నుంచి ఎన్ని ఫైళ్లని అడిగారు జడ్జి గారు. వారానికి పాతిక చొప్పున మీరే లెక్క వేసుకోండి, అందులో ఎన్ని జవాబులు నావో నాకే తెలియదు అన్నాను.

అప్పుడు సిస్టరు లేచింది. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే.

"ఆ రోజు ఎవర్నీ అడగలేదమ్మా," అంది జడ్జి గారితో. "రెండు థియేటర్లకు నేనొక్కదాన్నే. అడగాల్సింది నేను. అడగలేదు. చూడకుండా సంతకం పెట్టాను." చెప్పేసి కూర్చుంది.

ఏప్రిల్ 19, శనివారం

నన్ను సస్పెండ్ చేశారు. గది తాళాలు అప్పగించాను. నాలుగేళ్ల ఆపరేషన్ ఫైళ్లన్నీ కమిటీ సీలు వేసింది. తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు నా మీద విడిగా కేసు ఉంటుందన్నారు. సిస్టరుకు కూడా నోటీసు వచ్చింది. మత్తు డాక్టరుకు వచ్చింది. రెండు థియేటర్లకు ఒక్క మనిషిని ఎవరు వేశారని సూపరింటెండెంటు గారిని కూడా అడిగారట. సిస్టరుకు ఫోను చేశాను. ఎత్తలేదు. ఎత్తకపోవడం న్యాయమే.

బుధవారం నాటి సంగతి ఒకటి మొన్న రాయలేదు. రాయడం రాక కాదు, మింగుడు పడక.

విచారణ గదిలోంచి బయటికొచ్చాక వరండాలో ఆ అక్క నా ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. దండం పెడుతుందేమో అని ఇంకా భయపడ్డాను. రెండూ కాదు.

"నన్నెవరూ అడగలేదా?" అంది.

"లేదమ్మా."

"నిజంగా అడగలేదా? ఆ తెల్లకోటు అమ్మాయి?"

"ఎవరూ లేరమ్మా. ఎవరూ అడగలేదు."

"అడిగుంటే చెప్పేదాన్ని," అంది. "ఎందుకు చెప్పను? నా చెల్లెలు కదా అది. అడిగుంటే చెప్పేదాన్ని." అదే మాట నాలుగైదుసార్లు అంది, నాతో కాదు. అప్పుడు ఏడ్చింది, గోడకు తల ఆనించి, చెల్లెలు ఆ రోజే పోయినట్టు. నేను పక్కన నిలబడ్డాను. వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు.

మరిది అప్పటికే మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే, ఆసుపత్రి వాళ్ల నాటకాలు చాలు అంటూ లేచి వెళ్లాడని తర్వాత తెలిసింది. ఏమీ వినలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. మరిది నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది.

"చెప్పండి. లోపల చెప్పిందంతా మళ్లీ చెప్పండి."

చెప్పాను. ఖాళీ గడి, శుక్రవారం, ఎర్ర చీటీ, అన్నీ. మీ భార్యకు మందు పడుతుందో లేదో ఈవిడను ఎవరూ అడగలేదు, ఈవిడ లేవని ఎవరితోనూ అనలేదు అన్నాను. అవతల వాహనాల చప్పుడు తప్ప ఏం లేదు. వినపడలేదేమో అనుకుని మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.

"అసలు మీరెవరండీ?" అన్నాడు మధ్యలో.

హోదా చెప్పబోయాను. అది రాలేదు.

"అడక్కుండానే అడిగాం అని రాసింది నేను," అన్నాను.

అవతల వాహనాల చప్పుడు తగ్గింది, రోడ్డు వారగా వెళ్లి నిలబడ్డట్టున్నాడు. ఊపిరి మాత్రం వినిపించింది.

"ఫోను మా వదినకివ్వండి," అన్నాడు.

ఇచ్చి, పక్కకు జరిగాను.